ఆ దీవి కొండ తాండూరు మట్టికి ఏమవుతుంది?

తాండూరు పేరు చెప్పగానే తెలుగువాళ్లకు రెండు గుర్తొస్తాయి. ఒకటి కాళ్ల కింది బండ, రెండోది కంచంలోకి వచ్చే పప్పు. వసారాల్లో, బడి గదుల్లో, రైల్వే ప్లాట్‌ఫారాల మీద నీలంగానో పసుపుగానో పరిచి ఉండే నాపరాయి దశాబ్దాలుగా ఈ ఊరి పేరు మోస్తోంది. కందికి ఆ గౌరవం కాగితం మీద దక్కింది మాత్రం 2022 డిసెంబరులో. యాలాల రైతుల ఉత్పత్తిదారుల కంపెనీ దరఖాస్తు మీద తాండూరు కందికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఒకే ఊరి పేరు పెట్టుకున్నా ఈ రెండింటి పుట్టుక వేరు. బండ సముద్రం అడుగున పేరుకున్నది. కంది పండే నల్లమట్టిలో పెద్ద వాటా నిప్పులోంచి వచ్చింది. ఆ నిప్పు ఇప్పుడు మన కింద లేదు. నైరుతి దిక్కుగా సుమారు 4,900 కిలోమీటర్ల అవతల, హిందూ మహాసముద్రం నడుమ, రీయూనియన్ అనే ఫ్రెంచి దీవి కింద ఉంది. ఆ దీవిలో అన్నిటికంటే ఎత్తైన కొండ పితోన్ దె నేజ్, చల్లారిపోయిన అగ్నిపర్వతం. తాండూరు పక్కనున్న కరణ్‌కోట చుట్టుపక్కల మట్టి విలువ తెలియాలంటే ఆ కొండ ఎలా లేచింది, ఎందుకు చల్లారింది, చల్లారాక దానికేమవుతోంది అన్నవి చూడాలి. చూశాక, బండ కోసం మట్టిని పక్కకు తోసేయడం మామూలే కదా అనుకోవడం కష్టం.

ముందు మన కాళ్ల కింద ఏముందో చూద్దాం. తాండూరు, కరణ్‌కోట పరిసరాల్లో నాపరాయి గని గోడను పైనుంచి కిందికి చదవవచ్చు. పైన నల్లమట్టి. ఎండాకాలమైతే పిడికిలి దూరేంత నెర్రెలు, వాన పడితే చెప్పులకు కిలోల కొద్దీ పట్టుకునే బంక. దాని అడుగున తెల్లటి సున్నపు గులకలు కలిసిన పసుపు మట్టి. ఆ కింద వదులైపోయిన మెత్తటి రాయి, అది పనికిరాదు. అది దాటాక అసలు బండ మొదలవుతుంది. పుస్తకంలో పుటల్లా ఉండే పొరల సందున ఉలి పెట్టి కొడితే పలక చదునుగా లేస్తుంది. ఇప్పుడు కోత యంత్రాలు వచ్చినా పొర విడిపోయే ఆ గుణమే ఈ రాయికి మార్కెట్ తెచ్చింది. కర్ణాటకవైపు దీన్నే షాబాద్ రాయి అంటారు. రెండూ భీమా బేసిన్ సున్నపురాయే. డైనోసార్లు పుట్టడానికి ఎన్నో పదుల కోట్ల ఏళ్ల ముందు, గవ్వ, నత్త లాంటి పెంకు జీవాలు కూడా లేని కాలంలో, లోతు తక్కువ సముద్రంలో ఇది పొర మీద పొరగా పేరుకుంది. కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థ సిమెంట్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా 1980లలో కరణ్‌కోటలో ఫ్యాక్టరీ పెట్టిందంటే ఈ సున్నపురాయి కోసమే. తాండూరు నుంచి వికారాబాద్ వైపు వెళ్లేకొద్దీ దృశ్యం మారుతుంది. నల్లరాయి, అంటే బసాల్ట్, నేలను కప్పుకుంటుంది. మూసీ పుట్టే అనంతగిరి గుట్టల మీద ఆ నల్లరాయి లక్షల ఏళ్ల వానలకు శిథిలమై ఎర్రరాయిగా, లాటరైట్‌గా మారింది. సిమెంటు తయారీలో సున్నపురాయికి తోడుగా ఇనుము, అల్యూమినా కోసం లాటరైట్ కలపడం మామూలే కాబట్టి, సిమెంటు బస్తాలో కూడా సముద్రం, నిప్పు కలిసే ఉంటాయనుకోవచ్చు.

ఈ నల్లరాయి సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందటిది. దక్కన్ ట్రాప్స్ అని ప్రపంచమంతా పిలిచే లావా పరుపులో భాగం. ఇప్పటికీ మిగిలిన పరుపు 5 లక్షల చదరపు కిలోమీటర్లు. పడమటి కనుమల్లో దీని మందం రెండు కిలోమీటర్లు దాటుతుంది. శంకువు ఆకారపు కొండ పేలి రాలిన బూడిద కాదిది. నేల చీలి, ఆ చీలికల్లోంచి లావా వరదలా పొంగి, చల్లబడి, మళ్లీ పొంగి పరుచుకున్నది. తూర్పుకు, దక్షిణానికి వచ్చేకొద్దీ పలచబడుతుంది. వికారాబాద్, తాండూరు ప్రాంతం దాని అంచు. అంచు అన్న మాట గుర్తుంచుకోవాలి, తర్వాత అవసరం పడుతుంది. ఒక పాయ మాత్రం ఎక్కడా ఆగకుండా గోదావరి దాకా పోయింది. రాజమండ్రి దగ్గర కాతేరు, ఆవలి ఒడ్డున గౌరీపట్నం, పంగిడి ప్రాంతాల్లో ఇప్పుడు కంకర మిల్లులకు వెళ్తున్న నల్లరాయి ఈ లావాయేనని, పడమటి వైపు నుంచి దాదాపు వెయ్యి కిలోమీటర్లు ప్రవహించి వచ్చిందని శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. భూమ్మీద అత్యంత పొడవైన లావా ప్రవాహాల్లో ఇదొకటి.

లావా వరదకూ వరదకూ నడుమ ఎంత విరామం దొరికిందో చెప్పే సాక్ష్యం ఈ వికారాబాద్ జిల్లాలోనే ఉంది. పరిగి దగ్గర నస్కల్‌లో రెండు లావా పొరల మధ్య ఇరుక్కున్న పాత చెరువు మట్టిలో చేపల, కప్పల, బల్లుల అవశేషాలతోపాటు ఎలుకంత జంతువు పళ్లు దొరికాయి. ఒక్కో పన్ను మిల్లీమీటర్లలో కొలవాల్సినంత చిన్నది. జి.వి.ఆర్. ప్రసాద్, అశోక్ సాహ్ని 1988లో ‘నేచర్’ పత్రికలో దీన్ని ప్రకటించి దక్కనోలెస్టెస్ అని పేరు పెట్టారు. భారతదేశంలో డైనోసార్ల కాలం చివరి నాటి క్షీరదం దొరకడం అదే మొదలు. డైనోసార్లను చంపింది మెక్సికోలో పడ్డ ఉల్కా, దక్కన్ లావాయా అనే తగవు ఇంకా నడుస్తూనే ఉంది. మన కథకు అది పక్కదారి. మనకు కావలసింది నస్కల్ చెప్పే ఇంకో సంగతి. లావా ఆగిన ప్రతిసారీ రాయి మట్టిగా మారింది, చెరువు నిండింది, గడ్డి మొలిచింది. ఆ మట్టి కొట్టుకుపోయినా ఫరవాలేకపోయింది, ఎందుకంటే కింది నుంచి కొత్త సరఫరా వస్తూనే ఉంది. ఆ సరఫరా ఆగిన క్షణం నుంచి లెక్క మారిపోయింది.

కదలని మంట, కదిలే నేల

సరఫరా ఎందుకు ఆగింది? జవాబు రీయూనియన్‌లో ఉంది. 1963లో కెనడా శాస్త్రవేత్త టుజో విల్సన్ హవాయి దీవుల వరుసను చూసి, భూమి లోపల ఒకే చోట నిలిచి ఉండే వేడి కేంద్రం మీదుగా సముద్రపు నేల జరిగిపోతుంటే ఇలాంటి వరుస ఏర్పడుతుందని చెప్పాడు. వెలుగుతున్న దీపం మీదుగా కాగితాన్ని మెల్లగా జరిపితే మచ్చల వరుస పడ్డట్టు. దాన్నే హాట్‌స్పాట్ అంటున్నాం. 1971లో జేసన్ మోర్గాన్ ఇంకో అడుగు వేసి, ఈ వేడి భూగర్భపు లోతుల్లోంచి నిలువుగా లేచే రాతి పాయ నుంచి వస్తుందన్నాడు. హిందూ మహాసముద్రపు పటం మీద ఈ ఊహను పెట్టి చూస్తే దక్కన్ నుంచి దక్షిణంగా ఒక గీత కనిపిస్తుంది. లక్షదీవులు, మాల్దీవులు, చాగోస్, అక్కడి నుంచి కాస్త పడమరకు జరిగి మాస్కరీన్ గట్టు, మారిషస్, చివర రీయూనియన్.

పటం మీద గీత గీయడం ఎవరికైనా తేలికే. రుజువుకు రాళ్ల వయసు కావాలి. దాని కోసం 1987లో జాయిడెస్ రిజల్యూషన్ అనే ఓడ ఈ గీత పొడవునా సముద్రం అడుగును తవ్వి లావా ముక్కలు తెచ్చింది. మాల్దీవుల దగ్గరి లావా 5.7 కోట్ల ఏళ్లది, చాగోస్ దగ్గరిది 4.9 కోట్లు, మాస్కరీన్ గట్టు ఉత్తర భాగంలో ఒకచోటిది 3.3 కోట్లు. మారిషస్ కొండలు 80, 90 లక్షల ఏళ్లవి, రీయూనియన్ 20 లక్షల ఏళ్ల కిందట నీటి పైకి లేచింది. 6.6 కోట్ల ఏళ్ల దక్కన్‌తో మొదలై వయసు ఒక్క మెట్టు తప్పకుండా దిగుతుంది. రెండో సాక్ష్యం ఇంకా పాతది. లావా గడ్డకట్టేటప్పుడు అందులోని ఇనుప ఖనిజాలు అప్పటి భూ అయస్కాంత దిశను పట్టుకుని ఉండిపోతాయి. 1956లో క్లెగ్, డాయిచ్, గ్రిఫిత్స్ దక్కన్ నల్లరాయిని కొలిచి, ఇది భూమధ్యరేఖకు దక్షిణాన గడ్డకట్టిందని తేల్చారు. ఖండాలు కదులుతాయంటే నవ్వే శాస్త్రవేత్తలు ఎక్కువగా ఉన్న రోజులవి. తర్వాతి కొలతలు దాన్ని దక్షిణ అక్షాంశం 30 డిగ్రీల దరిదాపుల్లో నిలబెట్టాయి. తాండూరు ఇప్పుడు ఉత్తరాన 17 డిగ్రీల మీద ఉంది. అంటే మన పొలాలు తమ రాయితో సహా ఐదు వేల కిలోమీటర్లకు పైగా ప్రయాణించాయి. మంట మాత్రం వెనకే ఉండిపోయింది.

దీనికి గట్టి అభ్యంతరాలు ఉన్నాయి, దాటవేయడం న్యాయం కాదు. మొదటిది: రీయూనియన్ ఉన్నది భారత ఫలకం మీద కాదు, ఆఫ్రికా ఫలకం మీద. భారతదేశం జరిగిపోయినందువల్ల పడిన మచ్చల్లో అది ఎలా చేరుతుంది? గీత చాగోస్ దగ్గర తెగి పడమరకు జరగడంలోనే జవాబుంది. రెండు ఫలకాల మధ్య సముద్రపు నేల చీలి పెరిగే రేఖ, మూడున్నర నాలుగు కోట్ల ఏళ్ల కిందట, ఈ మంట మీదుగా దాటిపోయింది. అప్పటిదాకా భారత ఫలకం మీద పడిన మచ్చలు ఆ తర్వాత ఆఫ్రికా ఫలకం మీద పడ్డాయి. రెండోది: దక్కన్ 30 డిగ్రీల దగ్గర గడ్డకడితే రీయూనియన్ 21 డిగ్రీల దగ్గర ఎందుకుంది? మంట కూడా కొంత కదిలిందని, భూమి తన ధ్రువాలతో పోలిస్తే కొంత ఒరిగిందని వివరణలు ఉన్నాయి. కదలని మంట అన్నది తొలి ఉజ్జాయింపు మాత్రమే. మూడో అభ్యంతరం అన్నిటికంటే బలమైనది, మన దేశంలోంచే వచ్చింది. ఐఐటీ బొంబాయి భూగర్భ శాస్త్రవేత్త హేతు సేథ్ 2005లో, దక్కన్ నుంచి రీయూనియన్ దాకా అసలు అలాంటి పాయ జాడే లేదని, ఖండం చీలినప్పుడు పైపొరల్లోని వేడి రాయి కరిగి లావా అయిందని వాదించాడు. 2012, 2013ల్లో ఫ్రాన్స్, జర్మనీ శాస్త్రవేత్తలు రీయూనియన్ చుట్టూ సముద్రం అడుగున భూకంప యంత్రాలు పరిచి లోపలి చిత్రం తీశారు. 2021లో వచ్చిన ఫలితంలో నిటారు స్తంభం కనబడలేదు. లోతైన ఒకే మొదలు నుంచి ఏటవాలుగా పైకి చీలిన కొమ్మలు కనిపించాయి. మోర్గాన్ గీసిన బొమ్మ తప్పింది, లోతైన మూలం ఉందన్న మాట మిగిలింది. సాక్ష్యాల మొగ్గు అటువైపే ఉంది. ఒకవేళ సేథ్ మాటే రేపు నెగ్గినా తాండూరు విషయంలో తేడా రాదు. మంట వెనకబడిపోయినా, చీలిక మూసుకుపోయినా, ఈ నేల కిందినుంచి కొత్త లావా రాదన్నది రెండు పక్షాలూ ఒప్పుకునే మాట.

ఆరిన కొండకు ఏమవుతుంది

పితోన్ దె నేజ్ ఎత్తు సుమారు 3,070 మీటర్లు. హిందూ మహాసముద్ర దీవుల్లో ఇంతకంటే ఎత్తైన శిఖరం లేదు. నీటి కింద ఇంకో నాలుగు వేల మీటర్లకు పైగా ఉంది కాబట్టి మొత్తం ఏడు వేల మీటర్ల కొండ. కంటికి కనబడేది ఘనపరిమాణంలో నూటికి మూడు, నాలుగు వంతులు మించదు. నీటి పైకి వచ్చి ఇరవై లక్షల ఏళ్లైన ఈ కొండ చివరిసారి లావా కక్కింది పదివేల ఏళ్లకు పైగా కిందట. ఆ తర్వాత పని అంతా పక్కనే ఆగ్నేయాన ఉన్న పితోన్ ద లా ఫుర్నేజ్‌కు పోయింది. అది ఇప్పటికీ ప్రపంచంలో తరచుగా పొంగే అగ్నిపర్వతాల్లో ఒకటి. 2007 ఏప్రిల్‌లో దాని నోరు ఒక్కసారిగా మూడు వందల మీటర్లు కుంగింది. ఒకే దీవి మీద ఒక కొండకు మట్టి, రాయి జమ అవుతున్నాయి, ఇంకో కొండకు ఖర్చే. ఆ ఖర్చు ఎంత వేగంగా సాగుతోందో చూడాలంటే ఆరిన కొండ నడుమను చూడాలి. శిఖరం చుట్టూ సిలావోస్, మఫాత్, సలాజీ అనే మూడు పెద్ద గిన్నెల్లాంటి లోయలు పడ్డాయి. నిటారు గోడలు వేయి మీటర్లు కూడా ఉంటాయి. మఫాత్‌లోకి ఇప్పటికీ బండి దారి లేదు, నడిచి వెళ్లాలి లేదా హెలికాప్టర్ ఎక్కాలి. ఒకప్పుడు తోటల యజమానుల నుంచి పారిపోయిన బానిసలు ఇక్కడే తలదాచుకున్నారు. 2010లో యునెస్కో ఈ శిఖరాలను, లోయలను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

లోయలను చెక్కింది కొండచరియలు, వాన. ఈ దీవి వాన అంకెలు నమ్మశక్యంగా ఉండవు. 1966 జనవరిలో ఫోక్‌ఫోక్ అనే చోట ఒక్క రోజులో 1,825 మిల్లీమీటర్లు కురిసింది. ప్రపంచ వాతావరణ సంస్థ లెక్కల్లో అది ఇప్పటికీ రికార్డు. తాండూరులో రెండేళ్లు కలిపి కురిసే వానకు అది దగ్గర. 2007లో ఇదే దీవిలో మూడు రోజుల్లో 3,930 మిల్లీమీటర్లు పడింది. పొంగే కొండ ఈ దెబ్బలను కొత్త లావాతో కప్పుకుంటుంది. ఆరిన కొండకు ఆ ఆసరా లేదు. నిజంగా ఆరిందా అనే అనుమానం న్యాయమైనదే. సిలావోస్‌లో వేడినీటి ఊటలున్నాయి, కొండ కింద లోతున చిన్న భూకంపాలు నమోదవుతున్నాయి, అందుకే కొందరు శాస్త్రవేత్తలు దీన్ని చచ్చింది అనకుండా నిద్రలో ఉంది అంటారు. అయినా మంట మీద నుంచి జరిగిపోయే కొండల గతి ఏమిటో పక్క దీవులే చూపిస్తున్నాయి. మారిషస్‌లో ఎత్తైన శిఖరం 828 మీటర్లు. మాస్కరీన్ గట్టులో ఒకప్పటి అగ్నిపర్వతాలు అలల కింద మునిగి చేపలకు మేత తిట్టలయ్యాయి. మాల్దీవుల దగ్గరికి వచ్చేసరికి లావా మీద పగడాలు గూడు కట్టుకున్నాయి. కొండ ఎప్పుడో అడుగుకు పోయింది. ఈ వరుసలో ఇంత పాతబడినా మునగనిది దక్కన్ ఒక్కటే, ఎందుకంటే అది సముద్రపు నేల మీద కాక ఖండం మీద పుట్టింది. మునగకపోయినా తరుగు తప్పలేదు. దాని రాయి మట్టి అవుతుంది, మట్టిని కాగ్నా భీమాకు, భీమా కృష్ణకు మోస్తాయి. పడమటి కనుమల్లో రెండు కిలోమీటర్ల మందం ఉంది కాబట్టి అక్కడ ఈ తరుగు కనబడదు. అంచున ఉన్న మనకు కనబడుతుంది.

మట్టి కోసం రాయి, రాయి కోసం మట్టి

లావా నేల విలువ ఎరిగి తెలుగువాళ్లు సముద్రం దాటలేదు, చెరకు తోటల యజమానులు దాటించారు. 1828 నాటికే గోదావరి పాయ మీది ఫ్రెంచి స్థావరం యానాం నుంచి తెలుగు కూలీలను రీయూనియన్‌కు, అప్పటి పేరుతో బూర్బన్‌కు, తీసుకుపోయారు. 1843లో కోరంగి రేవు నుంచి ‘కోరింగా పాకెట్’ అనే ఓడ మారిషస్ వెళ్లింది. అక్కడ తెలుగువాళ్లకు కోరంగీలు అన్న పేరే స్థిరపడింది. ఇప్పుడు ఉగాది ఆ దేశంలో సెలవు దినం. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు అక్కడే జరిగాయి. దక్కన్ లావా తూర్పు కొస ఉన్న గోదావరి సీమ నుంచి బయలుదేరినవాళ్లు ఆ లావా పుట్టిన మంట దగ్గరికే చేరడం కాకతాళీయం. సామ్రాజ్యాలకు చెరకు కావాలి, చెరకుకు కూలీలు కావాలి, అంతే. దీనికి వేరే అర్థం కట్టే పని లేదు. కానీ ఆ కూలీలు చేసిన పని మాత్రం మన వాదానికి కావాలి. మారిషస్ చెరకు పొలాల్లో ఇప్పటికీ నల్లరాళ్ల పెద్ద పెద్ద కుప్పలు కనిపిస్తాయి. దీవి లావా ఇంకా కుర్రది, రాయి ఎక్కువ, మట్టి తక్కువ. కూలీలు ఆ రాళ్లను చేతులతో ఏరి కుప్ప పోస్తే కుప్పల మధ్య చెరకుకు కాస్త మట్టి దొరికింది. అక్కడ మట్టి కోసం రాయిని ఏరి కుప్ప పోశారు. తాండూరులో రాయి కోసం మట్టిని తోడి కుప్ప పోస్తున్నాం. ఆరున్నర కోట్ల ఏళ్లు నానబెట్టి ప్రకృతి ఇక్కడ తయారుచేసి పెట్టిన సరుకు కోసం వాళ్లు వేళ్లు అరగదీసుకున్నారు.

ఇంకో పోలిక పప్పుది. పితోన్ దె నేజ్ ఒడిలోని సిలావోస్‌లో మసూర్ జాతి పప్పు పండిస్తారు. ఆ దీవిలో దానికి పేరు, ధర రెండూ ఎక్కువే. తాండూరు కంది గుర్తింపు పత్రం ఏమంటోంది? ఈ ప్రాంతపు లోతైన నల్లమట్టి, అందులో మెండుగా ఉన్న అటపల్గైట్ అనే బంకమట్టి ఖనిజం ఈ పప్పు గుణానికి కారణాలని చెబుతోంది. కంది వేరు నిలువుగా దిగుతుంది. వానాకాలం పోయాక పూత, కాయ దశల్లో అది బతికేది మట్టి అడుగున దాచుకున్న తేమ మీదే. నాలుగు అడుగుల మట్టి ఉన్న చేను, అడుగు మట్టి ఉన్న చేను పైకి ఒకేలా కనిపించినా పుష్యమాసంలో తేడా బయటపడుతుంది. పప్పుకు గుర్తింపు ఇవ్వడమంటే మట్టి లోతుకు కూడా గుర్తింపు ఇచ్చినట్టే.

ఇక్కడ ఒక శాస్త్రీయ ఆక్షేపణ రావచ్చు. నల్లమట్టి అంతా నల్లరాయి నుంచే పుట్టదు, సున్నపురాయి మీద కూడా పుడుతుంది, తాండూరు మట్టిని అగ్నిపర్వతానికి కట్టబెట్టడం అతి కాదా? కొంత నిజమే. ఈ ప్రాంతంలో ఏ పొలంలో ఎంత వాటా కింది బండది, ఎంత వాటా పైనున్న లావా కరిగి దిగినది అన్నది పొలం పొలానికీ మారుతుంది. కానీ స్వచ్ఛమైన సున్నపురాయి వానకు కరిగి నీళ్లలో పోతుంది. మట్టిగా మిగిలేది దానిలోని మలినం మాత్రమే, కాబట్టి దాని నుంచి అడుగు మట్టి రావడానికి ఎన్నో అడుగుల రాయి కరగాలి. ఆ వాటా ఎంత పెరిగితే మట్టి అంత అరుదైనదవుతుంది, చవక కాదు. మరి నల్లరాయి ఇంకా ఉంది కదా, మట్టి పుడుతూనే ఉంటుంది కదా అంటారా? పుడుతుంది. ఒక సెంటీమీటరు మట్టికి వందల ఏళ్లు, ఒక్కోచోట వెయ్యేళ్లు. ఎక్స్‌కవేటర్ ఒక పూటలో తోసే మట్టి ఏ వంశవృక్షంలోనూ పట్టనంత కాలానిది.

బతుకుతెరువు ప్రశ్న దీనికంటే బరువైనది. తాండూరు ఊరు పెరిగింది బండతోనే. గనుల్లో, పాలిషింగ్ యూనిట్లలో, లారీల మీద ఎన్నో వేల కుటుంబాలు ఆధారపడ్డాయి. పప్పు క్వింటాలు ధర చూపి బండ వ్యాపారం మానమనడం ఊళ్లో ఉండేవాళ్లు అనే మాట కాదు, నేనూ అనను. బండ తీయాలంటే మట్టిని పక్కకు తీయక తప్పదు. పోట్లాట తీయడం మీద కాదు, తీశాక ఏమవుతుందన్న దాని మీద. నల్లమట్టి, సున్నపు గులకలు, పనికిరాని రాతిముక్కలు, పాలిషింగ్ బురద ఒకే గుట్టలో కలిసిపోతే దాన్ని మళ్లీ పొలంగా మార్చడం ఎవరి వల్లా కాదు. పక్కన నీళ్లు నిలిచిన గుంత మిగులుతుంది. పైమట్టిని ముందు విడిగా తీసి, విడిగా పోసి, రాయి అయిపోయిన భాగంలో చెత్తరాయి కింద, మట్టి పైన వేస్తే కంది మళ్లీ పండేంత నేల తిరిగొస్తుంది. దీనికి అదనపు ఖర్చు డీజిల్, కాస్త జాగా, ఓపిక.

చట్టం ఇందులో సగమే చూసింది. 2017 నాటి కేంద్ర ఖనిజ సంరక్షణ, అభివృద్ధి నిబంధనల ప్రకారం గని తవ్వేవాళ్లు పైమట్టిని వేరుగా తీయాలి, నేల పునరుద్ధరణకు వాడాలి, వెంటనే వాడలేకపోతే భద్రపరచాలి. అయితే ఆ నిబంధనలు పెద్ద ఖనిజాలకే. సిమెంటుకు వెళ్లే సున్నపురాయి పెద్ద ఖనిజం. అదే పొరలోంచి పలకగా తీసే నాపరాయి చిన్న ఖనిజం, రాష్ట్ర నిబంధనల కిందికి వస్తుంది. గట్టుకు ఇటువైపు మట్టికి ఒక చట్టం, అటువైపు మట్టికి మరో చట్టం. 2012లో సుప్రీంకోర్టు దీపక్ కుమార్ కేసులో ఇచ్చిన తీర్పుతో చిన్న క్వారీలకూ పర్యావరణ అనుమతి తప్పనిసరి అయింది కదా, అందులో మట్టి షరతు ఉంటుంది కదా అనవచ్చు. సాధారణంగా ఉంటుంది. కానీ ఎంత మట్టి ఉండేదో తవ్వకముందు కొలవకపోతే ఎంత తిరిగిచ్చారో తవ్వాక ఎవరు చెప్పగలరు? అంకె లేని షరతును తనిఖీ చేయడం ఏ అధికారి తరమూ కాదు.

కాబట్టి అడగాల్సింది చిన్న విషయమే. తాండూరు, యాలాల, పెద్దేముల్, బషీరాబాద్ మండలాల్లో నాపరాయి లీజు ఇచ్చేముందు ఆ సర్వే నంబరులో నల్లమట్టి ఎన్ని అడుగుల లోతుందో గుంత తీసి కొలిచి, ఆ అంకెను లీజు పత్రంలోనే రాయాలి. రాష్ట్ర గనుల శాఖకు, కంది గుర్తింపు సాధించుకున్న రైతులకు, గని యజమానులకు ఇందులో ఒకరితో ఒకరికి తగవేమీ లేదు. గుంత మూసే రోజున అదే కొలతతో సరిచూడండి. తక్కువ పడితే పూర్తయ్యేదాకా లీజుదారు డిపాజిట్ వెనక్కి ఇవ్వకండి.